రాజు ఏడ్చిన లైను

సెప్టెంబర్ 2, సాయంత్రం 6:40

కాదు, కుళ్ళు కాదు. కడుపుమంట అసలే కాదు. మధ్యాహ్నం తిన్నది అరగలేదు, అంతే.

చిన్నోడు బడి నుంచి వచ్చి బ్యాగు విసిరేసి మొదలుపెట్టాడు. సోషల్ టీచర్ వాణ్ణి ముందుకి పిలిచి క్లాసందరి చేతా చప్పట్లు కొట్టించిందంట. ఎందుకంటే వీడు లేచి, టీచర్, ఏరు దాటి వచ్చిన రాజు మన కోటని దోచుకున్నాడని ఈ పాఠంలో ఉంది, మా పాత దేశం పుస్తకంలో అదే రాజు అదే కోటని విడిపించాడని ఉంటుంది, రెండిట్లో ఏది నిజం అని అడిగాడంట. టీచర్ పుస్తకం మూసేసి, ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు రా అందంట.

ఎవరూ అడగలేదంట.

అమ్మ చొక్కాలకి బొత్తాలు కుడుతోంది. సూది చీరకొంగుకి గుచ్చేసి మరీ వాడి బుగ్గ గిల్లింది. నాన్న అప్పుడే గోడౌన్ నుంచి వచ్చాడు. నా వైపు తిరిగి, చూడు పెద్దోడా, బుర్రంటే అదీ అన్నాడు. చూశా. ఆ బుర్ర నాకు బాగా తెలుసు. నెలకోసారి దానికి కటింగ్ చేయించుకొచ్చేది నేనే.

సెప్టెంబర్ 2, 7:15

ఇది ఎవరికీ కాదు. నా నంబరుకి నేనే పంపుకుంటున్నా. పంపగానే రెండు టిక్కులు పడతాయి. నా మెసేజ్ ఇంత తొందరగా చూసేది నేనొక్కణ్ణే.

తప్పులుంటే ఉండనీ. నేను చదివింది నాలుగున్నర క్లాసులు. నాలుగు ఆ దేశంలో, అర ఈ దేశంలో. రెండు చోట్లా మాట ఒకటే. పుస్తకాలే వేరు.

సెప్టెంబర్ 3, మధ్యాహ్నం 1:30

లాండ్రీలో తిండి టైము. డ్రయ్యర్ వెనక కూర్చుంటే వెచ్చగా ఉంటుంది, ఎవరూ పలకరించరు.

నా పని ఏంటంటే, బట్టలు రాగానే జేబులు చూడ్డం, నంబరు ట్యాగు గుచ్చడం, తెల్లవీ రంగువీ విడదీయడం. జేబులు చూడకపోతే ఒక్క పెన్ను చాలు, లోడు మొత్తం నీలం అయిపోతుంది. దొరికింది ఏదైనా సరే, బస్సు టికెట్ ముక్కైనా, చిన్న కవర్లో వేసి అదే నంబరు రాసి పెట్టాలి. ప్రెస్ మిషన్ దగ్గరుండే మామ మొదటిరోజే చెప్పాడు, దొరికిందని నీదైపోదు రా, పోగొట్టుకున్నోడు వస్తాడు అని.

మామ నన్ను సైలెంట్ మోడ్ అని పిలుస్తాడు. రోజుకి పది మాటలు మాట్లాడతానంట. నిన్న లెక్కపెట్టుకున్నా. పదిహేడు.

ఆ అర క్లాసు సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇక్కడైనా రాస్తా.

ఈ ఊరొచ్చి ఐదో క్లాసులో చేర్పించారు. నాలుగు నెలలు నోరు తెరవలేదు. అడిగితే తల ఊపేవాణ్ణి. ఒకరోజు సోషల్‌లో ఆ పాఠం వచ్చింది. ఏరు, కోట, రాజు. ఈ దేశంలో నాకు ముందే తెలిసిన మొదటి విషయం అది. రాజు ఏరు దాటి వచ్చి ఏం చేశాడు అని టీచర్ అడిగింది. చెయ్యెత్తా. నా చెయ్యే అది, నాకే నమ్మకం కలగలేదు.

లేచి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశా. మహారాజు సైన్యముతో ఏరు దాటెను. మూడు దినములు యుద్ధము జరిగెను. శత్రువుల నుండి కోటను విడిపించెను. ప్రజలు మిక్కిలి సంతోషించిరి.

కళ్ళు తెరిచేసరికి క్లాసంతా నవ్వుతోంది. శత్రువులంటే మనమే రా అని వెనక బెంచీవాడు అరిచాడు. టీచర్ తిట్టలేదు. అది మీ దేశంలో బాబూ, ఇక్కడ తప్పు, కూర్చో అంది. అని, కొంచెం నవ్వింది. ఆ కొంచెమే.

మర్నాటి నుంచి నాకు పొద్దున్నే కడుపునొప్పి. రెండు వారాలు చూసి నాన్న, వీడికి చదువు ఎక్కట్లేదు, ఇంట్లో ఉండి చిన్నోణ్ణి చూసుకోనీ అన్నాడు. అలా అయిపోయింది. తర్వాత లాండ్రీ.

చిన్నోడి సోషల్ టీచర్ ఆమే. ఆ గదే. ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదంట. నిజమే. నేను ప్రశ్న అడగలేదు. జవాబు చెప్పా.

సెప్టెంబర్ 5, సాయంత్రం 5:50

వాడికి ప్రాజెక్టు ఇచ్చారు. పెద్ద చార్టు, మధ్యలో నిలువుగా గీత. ఎడమ వైపు మన పుస్తకం ఏం చెప్తోంది, కుడి వైపు ఆ దేశం పుస్తకం ఏం చెప్తోంది. బాగా వస్తే ఇరవై ఆరో తారీఖున ఇంటర్ స్కూల్ ప్రదర్శనకి పంపిస్తారు. క్లాసుకి ఒక్కరే. అమ్మ అప్పుడే వాడి తెల్ల చొక్కా కోసం పెట్టె వెతుకుతోంది.

వాడి సోషల్ పుస్తకం తీసి చూశా. వాడు స్నానానికి వెళ్ళినప్పుడు.

ఆ దేశంలో మాకు సోషల్ అంటే భోజనాల తర్వాత పీరియడ్. సగం మంది కునుకు. సారు ఒక లైను చదివితే మేం అందరం ఆ లైను అరవాలి. ఎవడి గొంతు వినపడకపోతే వాడి మీదకి సుద్దముక్క వచ్చేది. మ్యాపు అంటే రబ్బరు స్టాంపు. సారు అందరి నోట్సుల్లోనూ ఠప్ ఠప్ అని కొట్టుకుంటూ పోయేవాడు. మేం లోపల ఏర్లకి నీలం, కొండలకి బ్రౌన్ వేయాలి. గీత దాటితే చేతి మీద ఒకటి. గీత అవతల ఏముందో ఎవరూ చెప్పలేదు. తెల్లగా ఉండేది. ఇప్పుడు మేం ఉంటున్నది ఆ తెల్లదాంట్లోనే.

వీడి పుస్తకం రెండేళ్ళ కిందట మార్చారంట. బొమ్మలన్నీ రంగులు. మ్యాపు వాళ్ళే గీయాలి, అదీ వాళ్ళ వీధిది. పోస్టాఫీసుకి తీసుకెళ్ళి కవరు మీద ముద్ర కొట్టించారంట. క్లాసు లీడరుకి ఓట్లు, అట్టపెట్టెకి కన్నం పెట్టి. పాఠం చివర ఖాళీలు పూరించండి లేదు. మీరైతే ఏం చేసేవారు అని ఉంటుంది. ప్రతి పాఠానికీ. దానికి తప్పు జవాబు అంటూ ఉండదంట, టీచర్ చెప్పిందంట.

తప్పు జవాబు లేని ప్రశ్న. నేను రెండు దేశాల్లో చదివా, ఒక్కచోట కూడా నాకు అలాంటిది తగల్లేదు.

వాడు గీసిన వీధి మ్యాపుకి బంగారు రంగు స్టార్ అంటించారు. అందులో రెండు సందులు తప్పు. పాల బూత్ కుడి పక్కనుంటే ఎడమ పక్క పెట్టాడు. రోజూ మూటలు నెత్తిన పెట్టుకుని తిరిగేవాణ్ణి, నాకు తెలీదా. అన్నయ్యా ఎలా ఉంది అని అడిగాడు. బాగుంది అన్నా. సందుల సంగతి చెప్పలేదు.

సెప్టెంబర్ 6, మధ్యాహ్నం 1:10

మా టీచర్, మా టీచర్ అంటాడు. నాకూ నాలుగు నెలలు ఆమే టీచర్.

సెప్టెంబర్ 9, సాయంత్రం 6:05

అడిగాడు. ఆ దేశం సోషల్ పుస్తకం కావాలంట, నాలుగో క్లాసుది. అమ్మని అడిగితే, అన్నయ్యని అడుగు, పెట్టెలు సర్దింది వాడే అందంట.

పారేశాం రా, ఇక్కడికి వచ్చేటప్పుడే అన్నా. లారీలో చోటు లేదు అని కూడా అన్నా. అబద్ధానికి లారీ తోడైతే గట్టిగా వినిపిస్తుంది.

పుస్తకం ఎక్కడికీ పోలేదు. లాండ్రీలో నా అరలో ఉంది, కోట్లకి తొడిగే ప్లాస్టిక్ కవరు తొడిగి పెట్టా. అట్ట మీద నా పేరు నా రాతలో ఉంది. ఆ దేశం నుంచి నేను తెచ్చుకున్నవాటిలో నాకు సరిపోయేది ఇప్పుడు అదొక్కటే, మిగతావి పొట్టైపోయాయి.

వాడి మొహం చిన్నబోయింది. ఒక్క నిమిషం హాయిగా అనిపించింది. రాయకూడదు కానీ రాశా.

సెప్టెంబర్ 10, సాయంత్రం 6:30

పోనీలే అన్నయ్యా, పుస్తకం లేకపోయినా నాకు పాఠం వచ్చుగా అన్నాడు.

నిజంగానే వచ్చు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మ నవ్వింది, ఎందుకురా ఆ ఊగుడు అని. వాడికి తెలీదు. నాకు తెలుసు. వాడికి రెండేళ్ళప్పుడు అమ్మ పనికి వెళ్ళేది. నేను కాలితో వాడి ఉయ్యాల ఊపుతూ పాఠాలు గట్టిగా బట్టీ పట్టేవాణ్ణి. ఊపుకో మాట. మహా, రాజు, సైన్యముతో, ఏరు, దాటెను. ఇక్కడికొచ్చాక కూడా వాణ్ణి పడుకోబెట్టాల్సింది నేనే. నాకు కథలు రావు. వచ్చిందల్లా ఆ పాఠం. వాడికి ఆరేళ్ళొచ్చేదాకా రోజూ అదే చెప్పా.

వాడు క్లాసులో లేచి మా పాత దేశం పుస్తకంలో అని చెప్పింది ఏ పుస్తకం అనుకున్నారు. వాడు ఆ దేశంలో బడి మొహం చూడలేదు. వాడి పుస్తకం నేనే.

ఇవాళ ఊగుతూ ఊగుతూ చివరికి వచ్చాడు. ప్రజలు మిక్కిలి సంతోషించిరి. నేను అయిపోయిందనుకున్నా. వాడు ఇంకో ఊపు ఊగి, ఆ సాయంత్రము రాజు ఏటి ఒడ్డున ఒక్కడే కూర్చుండి ఏడ్చెను అన్నాడు.

ఆ లైను పుస్తకంలో లేదు. అది నాది.

మేం వచ్చిన కొత్తల్లో, లారీ వెనక సామాను మీద కూర్చుని వంతెన దాటిన ఆ వారం. వాడికి మూడేళ్ళు. పాఠం అయిపోగానే తర్వాత, తర్వాత అని ప్రాణం తీసేవాడు. పుస్తకంలో తర్వాత ఏమీ లేదు, ఖాళీలు పూరించండి తప్ప. అందుకని ఏదో ఒకటి అనేశా. పుస్తకం భాషలోనే అన్నా, నమ్ముతాడని. అది వినగానే బొటనవేలు నోట్లో పెట్టుకుని పడుకునేవాడు.

చార్టు కుడి వైపు చివరి లైనుగా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేశాడు. నేను చూస్తూ కూర్చున్నా.

సెప్టెంబర్ 12, సాయంత్రం 5:40

టీచర్‌కి చార్టు మొత్తంలో నచ్చింది ఆ లైనేనంట.

క్లాసందరికీ రెండుసార్లు చదివి వినిపించిందంట. మన పుస్తకంలో రాజంటే ఎంత దోచుకున్నాడు, ఎంతమందిని చంపాడు, ఇవే ఉంటాయి, చూడండి, ఆ దేశంలో పదేళ్ళ పిల్లల పుస్తకంలో గెలిచినవాడు కూడా ఏడుస్తాడని రాశారు, వాళ్ళు పిల్లల్ని ఎంత బాగా ఆలోచింపజేస్తున్నారో అందంట. స్టాఫ్ రూముకి కూడా చార్టు తీసుకెళ్ళిందంట. హెడ్ మాస్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడంట.

సుద్దముక్కలు విసిరే మా సారుకి ఈ సంగతి తెలిస్తే కుర్చీలోంచి పడిపోతాడు.

చిన్నోడు గాల్లో తేలుతున్నాడు. నాన్న వాడికి కొత్త స్కెచ్ పెన్నులు తెచ్చాడు. అన్నం తింటుంటే, ఆ పుస్తకం ఎవరు రాశారో కానీ గొప్పోడే అన్నాడు నాన్న.

నేను మజ్జిగ పోసుకున్నా.

సెప్టెంబర్ 13, మధ్యాహ్నం 1:20

అరలోంచి తీసి మళ్ళీ చూశా, ఎక్కడైనా ఉందేమోనని. నలభై ఒకటో పేజీ. లేదు. ప్రజలు సంతోషించిరి, కింద గీత, ఖాళీలు.

సెప్టెంబర్ 16, మధ్యాహ్నం 1:40

ఇంటర్ స్కూల్ వాళ్ళు పుస్తకం ఒరిజినల్ అడుగుతున్నారంట. ప్రతి లైనుకీ రుజువు ఉండాలంట. శనివారంలోపు చూపించకపోతే చిన్నోడి బదులు బొమ్మలు బాగా వేసే అమ్మాయి వెళ్తుంది. ఆ పిల్ల అప్పుడే పోస్టాఫీసు బొమ్మ వేసి రెడీగా పెట్టుకుందంట.

నిన్న వాడు అమ్మతో కలిసి అన్ని పెట్టెలూ కింద పరిచి వెతికాడు. మంచం కింద దూరి తల మీద బూజుతో బయటికొచ్చాడు. అన్నయ్యా, ఒక్కసారి గుర్తు తెచ్చుకో, ప్లీజ్ అన్నాడు. గుర్తు లేదు అన్నా.

ఇప్పుడు లెక్క చూసుకుంటే ఇలా ఉంది. పుస్తకం ఇవ్వకపోతే వాడు వెళ్ళడు. ఇస్తే ఆ లైను అందులో లేదని తెలిసిపోతుంది, వాడు నా గదిలోనే, నా టీచర్ ముందే, నాలాగే నిలబడాల్సి వస్తుంది. ఎటు చూసినా వాడికే దెబ్బ. నేను సంతోషపడాలి కదా. మిక్కిలి సంతోషించిరి అన్నట్టు.

ఇది రాస్తుంటే మామ వచ్చాడు. ఒళ్ళో పుస్తకం చూసి, ఏంటి సైలెంట్ మోడ్, పరీక్ష రాస్తున్నావా, పెళ్ళిచూపులకి వెళ్తున్నావా అన్నాడు. నాది అని చెప్పా. నీదైతే కవరు మీద నంబరు ఏదీ అని నవ్వుకుంటూ పోయాడు.

సెప్టెంబర్ 17, సాయంత్రం 5:15

బడి స్టేజి తెరలు ఉతికాం, ఎర్రవి, నాలుగు. రేపు గురువారం, నేనే ఇచ్చి రావాలి. రెండో తెర మడతలో పుస్తకం పెట్టా.

ఎందుకు పెట్టానో రాయను.

రాస్తా. చిన్నోడి కోసం కాదు. ఆ లైను ఎవరిదో ఆ టీచర్‌కి తెలియాలి. ఆమె నా మొహం చూసి బాగుంది అనాలి. వాడికి చెప్పినన్నిసార్లు కాదు. ఒక్కసారి.

సెప్టెంబర్ 18, మధ్యాహ్నం 3:30

ఉతకాల్సిన దుప్పట్ల మూట మీద కూర్చుని రాస్తున్నా. తప్పులుంటే ఉండనీ.

తెరలు సోషల్ టీచర్‌కే అప్పజెప్పాలని గేటు దగ్గర చెప్పారు. మెట్లెక్కి కుడి పక్క రెండో గది. నాకు ఎవరూ దారి చూపించక్కర్లేదు. తలుపు అదే ఆకుపచ్చ. బెంచీలే పొట్టిగా అయిపోయాయి.

లోపల చిన్నోడు చార్టు ముందు నిలబడి ప్రాక్టీసు చేస్తున్నాడు. ఊగుతూ. నా గొంతులో చెప్తున్నాడు, నేను ఎక్కడ ఊపిరి పీల్చేవాణ్ణో అక్కడే పీలుస్తూ. ఆ సాయంత్రము రాజు అనేసరికి నన్ను చూశాడు.

చూసి దాక్కోలేదు. లాండ్రీ కోటు వేసుకుని, నెత్తి మీద ఎర్ర తెరలతో నేను ఎలా ఉన్నానో నాకు తెలుసు. వాడు మాత్రం, టీచర్, మా అన్నయ్య అని అరిచాడు. అన్నయ్య ఆ దేశంలో చదివాడు, ఈ పాఠం నాకు నేర్పింది అన్నయ్యే అన్నాడు. గొప్పగా చెప్పాడు. అది నేను అనుకోలేదు. అనుకుని ఉంటే మెట్లు ఎక్కేవాణ్ణి కాదేమో.

టీచర్ నవ్వుతూ, అయితే నువ్వే చెప్పాలి బాబూ, రాజు ఏడ్చిన లైను నిజంగా మీ పుస్తకంలో ఉందా అని అడిగింది.

తలలన్నీ తిరిగాయి. తెరలు నెత్తి మీదే ఉన్నాయి, దించడం మర్చిపోయా.

ఉంది అంటే అయిపోయేది. ఒక్క మాట. అప్పటికి వాడు బతికిపోయేవాడు.

లేదు అన్నా. అది నేను కల్పించింది అన్నా. తెరలు దించి, మడతలోంచి పుస్తకం తీసి ఇచ్చా.

వెనక బెంచీలోంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు. నాకు తెలిసిన చప్పుడే. కానీ అది నా మీద కాదు. చిన్నోడి చెవులు ఎర్రగా అయిపోయాయి. వాడు క్లాసుని చూడట్లేదు, టీచర్‌ని చూడట్లేదు. పారేశామని నేను చెప్పిన పుస్తకాన్ని చూస్తున్నాడు.

టీచర్ నవ్వేవాళ్ళని ఒక్క చూపుతో ఆపింది. నలభై ఒకటో పేజీ చదివింది. అట్ట మీద పేరు చదివింది. నన్ను చూసింది. ఇక్కడ ఎప్పుడైనా చదివావా నువ్వు అంది.

ఏడేళ్ళుగా ఈ మాట కోసం ఎన్ని జవాబులు తయారుచేసి పెట్టుకున్నానో. నోట్లోంచి వచ్చింది మాత్రం, మూడో బెంచీ.

ఆమె చాలాసేపు చూసింది. నిజంగానే ప్రయత్నించింది, నాకు కనపడింది. గుర్తు రావట్లేదు బాబూ అంది. అని, ఒక కుర్చీ లాగి, కూర్చో అంది.

మంచిగానే అంది. నేను తెరల రసీదు మీద సంతకం కూడా చేయించుకోకుండా మెట్లు దిగేశా.

సెప్టెంబర్ 19, సాయంత్రం 6:10

వాడు నాతో మాట్లాడట్లేదు. కంచం తీసుకుని గోడ వైపు తిరిగి తిన్నాడు. అమ్మ, ఎందుకు దాచావు పెద్దోడా అని మూడుసార్లు అడిగింది. నాన్న అడగలేదు. సొంత తమ్ముడే కదరా అన్నాడు, అంతే, చెప్పులేసుకుని బయటికెళ్ళాడు.

ఆమెకి గుర్తే లేదు. నేను బడి మానేసిన రోజు ఆమెకి మామూలు రోజు.

సెప్టెంబర్ 20, ఉదయం 7:00

పళ్ళు తోముకుంటుంటే పక్కకొచ్చి నిలబడ్డాడు. నురగ నోటితోనే, ఎందుకు అన్నయ్యా అన్నాడు.

చెప్పేశా. చెయ్యెత్తడం, అప్పజెప్పడం, నవ్వడం, కూర్చో అనడం. బ్రష్షు నోట్లో పెట్టుకునే చెప్పా, సగం వాడికి అర్థమై ఉండదు అనుకున్నా. మొత్తం అర్థమైంది వెధవకి.

నోరు కడుక్కుని, ముందే చెప్తే నేను వేరే పాఠం తీసుకునేవాణ్ణి కదా అన్నాడు. మామూలుగా అన్నాడు, పాల బూత్ ఎడమ పక్క అన్నట్టు. తీసుకునేవాడే. ప్రాజెక్టు, స్టార్, చప్పట్లు, అన్నీ పక్కన పెట్టేసేవాడు. నేనైతే పెట్టేవాణ్ణి కాదు.

ఇందులో కూడా వాడే ఫస్ట్.

సెప్టెంబర్ 22, సాయంత్రం 5:30

బొమ్మల పిల్ల వెళ్ళట్లేదు. వీడే వెళ్తున్నాడు. పుస్తకం దొరికింది కదా, మిగతా లైనులన్నీ సరిపోయాయంట. ఆ ఒక్క లైను ఎక్కడిదో నిజం రాసి పెట్టమందంట టీచర్.

చార్టు తెచ్చి కింద పరిచాడు. ఇంకో నిలువు గీత గీశాడు. ఇప్పుడు మూడు గళ్ళు. మొదటిది మన పుస్తకం. రెండోది ఆ దేశం పుస్తకం. మూడోది సన్నగా, చివర్లో, మా అన్నయ్య. దాని కింద రాజు ఏడ్చిన లైను. దాని కింద ఎర్ర పెన్నుతో, రుజువు లేదు.

రుజువు లేదు అని ఎందుకురా అన్నా. లేదు కదా అన్నాడు. కోపంతో రాశాడో నిజమని రాశాడో తెలీలేదు. రెండూ అయ్యుండొచ్చు.

అడుగున ఒక డబ్బా గీసి, రాజు ఎందుకు ఏడ్చి ఉంటాడు, మీరైతే ఏం చేసేవారు అని రాశాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు చీటీల మీద రాసి వేస్తారంట. ముందు మీ అన్నయ్యని అడిగి రా అందంట టీచర్.

నాకేం తెలుసు అన్నా. నువ్వే కదా ఏడిపించింది అన్నాడు.

వీధి మ్యాపు తీయమన్నా. పాల బూత్ చెరిపి కుడి పక్కకి మార్పించా. రెండు సందులు కూడా. అలిగి ఉన్నాడు కాబట్టి థాంక్స్ చెప్పలేదు.

సెప్టెంబర్ 26, సాయంత్రం 6:45

రెండో బహుమతి. సర్టిఫికెట్ మీద వాడి పేరు, మెరిసే అక్షరాలతో. అమ్మ గోడకి ఎక్కడ తగిలించాలా అని ఇల్లంతా తిరుగుతోంది. నా పేరు ఎక్కడా లేదు. మా అన్నయ్య అని ఉంది, అంతే. అక్కడికి వచ్చిన పిల్లలందరూ నన్ను అలాగే చదివి ఉంటారు. వరసలో నిలబడి, మా అన్నయ్య, మా అన్నయ్య అని.

చీటీల డబ్బా నా ఒళ్ళో బోర్లించాడు. జేబులు చూసేవాడివిగా, చూడు అన్నాడు. మాట్లాడాడు.

ఒక్కొక్కటే విప్పా. ఆకలేసి ఉంటుంది. వాళ్ళమ్మ గుర్తొచ్చి ఉంటుంది. చెప్పు ఏట్లో కొట్టుకుపోయిందేమో. గెలిచాక ఏం చెయ్యాలో తెలీక. మళ్ళీ ఏరు దాటి వెనక్కి వెళ్ళాలని. ఈత రాదేమో.

ఒకటి ఎర్ర సిరాతో ఉంది, పక్కకి వాలిన పెద్దవాళ్ళ రాత. ఎవరో అతన్ని కూర్చో అని ఉంటారు. కింద సంతకం లేదు.

చిన్నోణ్ణి చూశా. టీచర్‌కి నువ్వు చెప్పావా అన్నా. వాడు సర్టిఫికెట్ వంక చూస్తూ, గోడకి ఎడమ పక్కన పెడదామా, కుడి పక్కనా అన్నాడు.

సెప్టెంబర్ 27, ఉదయం 6:10

నా చెప్పుల్లో ఒక ఖాళీ చీటీ పెట్టి ఉంది. పెన్ను కూడా.

గంట నుంచి చూస్తున్నా. మీరైతే ఏం రాసేవారు?